సూర వండాలంటే ముందు ఐస్ సంగతి చూసుకో

ఒరే నాన్నా,

నువ్వు పంపిన సూర (అదే, టూనా) వేపుడు ఫొటో చూశాను, ముక్కలన్నీ ఎండిపోయాయి. మసాలాలో ఏం తక్కువైంది దొడ్డమ్మా అని అడిగావు. మసాలాలో ఏమీ తక్కువ కాలేదురా, మంట మీద ఉంచిన టైమే ఎక్కువైంది. మూత పెట్టి పావుగంట మగ్గించానని నువ్వే రాశావు కదా, కోనాం (వంజరం) ముక్క ఆ దెబ్బకి తట్టుకుంటుంది, సూర తట్టుకోదు. పైగా దాన్ని ఎక్కడ కొన్నావో, మధురవాడ దాకా ఎలా పట్టుకెళ్ళావో ఒక్క మాట రాయలేదు, నాకు అసలు టెన్షన్ దాని గురించే. ఫోన్లో చెబితే సగం విని "సరే సరే" అనేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నాను. కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదువు, కోడలికి కూడా చూపించు.

మన ఇళ్ళల్లో సూరంటే మొదట్నుంచీ కాస్త చిన్నచూపే. కోనాం, చందువ దొరకని రోజున, లేదా అవి కొనే డబ్బుల్లేని రోజున తెచ్చుకునే చేప అన్నట్టు చూసేవారు. ఇప్పుడు జిమ్ముకెళ్ళే పిల్లలంతా టూనా టూనా అంటుంటే నవ్వొస్తుంది, మన విశాఖ హార్బర్‌లో ఎప్పట్నుంచో పడి ఉన్న చేపే కదా. నువ్వన్నది నిజమే, వంద గ్రాముల్లో 23, 24 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది, కొవ్వు దాదాపు ఉండదు. వంట దగ్గర వచ్చే తంటా అంతా ఆ కొవ్వు లేకపోవడం వల్లే. కొవ్వున్న చేప మంట మీద కాస్త ఎక్కువసేపు ఉన్నా మెత్తగానే ఉంటుంది, ఇది మాత్రం వేడి తగిలేకొద్దీ కండ బిగుసుకుని లోపలి నీళ్ళన్నీ బయటికి కక్కేస్తుంది. నీ మూకుట్లో నీళ్ళు ఊరాయన్నావు చూడు, అవి ముక్కలోని నీళ్ళే.

వంట సంగతి తర్వాత, ముందు కొనడం.

హార్బర్‌కి వెళ్ళాలంటే పొద్దున్నే వెళ్ళు, తెల్లారకముందే వేలం మొదలైపోతుంది, ఎండెక్కాక వెళితే మిగిలినవే దొరుకుతాయి. వేలంలో నీలాంటివాడికి పని లేదు, వాళ్ళ లెక్కలు, వాళ్ళ సైగలు వేరు. పక్కన చిల్లరగా అమ్మే ఆడవాళ్ళ దగ్గర కొనుక్కో. అంత దూరం రాలేకపోతే పెద్ద జాలరిపేట వైపో, మీకు దగ్గరగా ఉండే మంగమారిపేట, భీమిలి వైపో పడవలు ఒడ్డుకొచ్చే వేళకి వెళ్ళు. అక్కడ సూర ఉన్న రోజు ఉంటుంది, లేని రోజు ఉండదు. లేకపోతే ఆ రోజు ఏది తాజాగా ఉంటే అది తెచ్చుకో, సూరే కావాలని పట్టుబట్టి షాపులన్నీ తిరక్కు. మా వైపు ఒక చేపల షాపు ఉంది, ఏసీ ఉంటుంది, అద్దాలుంటాయి, చేపల కింద మాత్రం ఐస్ ఉండదు. అలాంటి చోట ఎంత శుభ్రంగా కనిపించినా సూర కొనొద్దు.

ఇంకోటి, క్యాలెండర్ కూడా చూసుకోవాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే 61 రోజులు, మన తూర్పు తీరంలో మర పడవల వేట నిషేధం. ఆ రెండు నెలల్లో ఎవరైనా "ఇప్పుడే దిగింది బాబూ, ఫ్రెష్" అంటే ఒక్క క్షణం ఆలోచించు. అవతలి తీరంలో నిషేధం జూన్ 1 నుంచి జూలై 31 దాకా ఉంటుంది కాబట్టి ఆ లోపు అటునుంచి ఐస్‌లో వచ్చిన సరుకు కావచ్చు, లేదా ముందే ఫ్రీజ్ చేసి పెట్టింది కావచ్చు. ఫ్రీజ్ చేసింది తప్పేం కాదు, చెప్పి అమ్మితే కొనుక్కోవచ్చు. కరిగించిన దాన్ని తాజాదని చెప్పి అమ్మితేనే గొడవ, ఎందుకంటే నువ్వు దాన్ని తెచ్చి మళ్ళీ ఫ్రీజర్లో పడేస్తావు.

ఏ సూర కొంటున్నావో కూడా చూసుకో, అన్నీ ఒకటి కాదు. రెక్కలు పసుపు పచ్చగా, వెనక వైపు పైనా కిందా పొడుగ్గా సాగి ఉండి, తోక దాకా చిన్న చిన్న పసుపు రెక్కలు వరసగా ఉంటే అది పెద్ద రకం, ఇంగ్లీషులో ఎల్లోఫిన్ అంటారు. మనిషి పొడుగు దాటి పెరుగుతుంది, కాబట్టి చిల్లరగా ముక్క కోసే ఇస్తారు. వేపుడుకి అదే బాగుంటుంది. పొట్ట మీద తల నుంచి తోక వైపు పొడుగునా నల్ల చారలుంటే స్కిప్‌జాక్. వీపు మీద వంకర టింకర గీతలుండి, రొమ్ము రెక్క కింద కొన్ని నల్ల మచ్చలుంటే చిన్న సూర. ఈ రెండింటి మాంసం ముదురు రంగు, వాసనా రుచీ కూడా ఘాటు, వీటిని వేపుడు చేసి "నీచుగా ఉంది" అనుకోకు, పులుసుకీ పిట్టుకీ ఇవే సరైనవి. కిలో, కిలోన్నర సైజులో చేప చేపగా దొరుకుతాయి, నీలాంటి ఇద్దరు మనుషుల ఇంటికి సరిపోతాయి.

తాజాదో కాదో ఎలా తెలుస్తుందంటే, చేప మొత్తంగా ఉంటే కళ్ళు నిండుగా, తేటగా ఉండాలి, మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోకూడదు. వాసన సముద్రపు వాసనలా రావాలి గానీ ముక్కు చిట్లించుకునేలా రాకూడదు. కోసిన ముక్కైతే ఎరుపు రంగు నిగనిగలాడాలి. గాలి తగిలి పైపైన కాస్త గోధుమరంగు తిరిగితే భయపడక్కర్లేదు, లోపల కోసి చూపించమను. ముక్క పాలిపోయి, నొక్కితే నీళ్ళు కారుతూ, మెత్తగా చిదురైపోతుంటే మాత్రం ధర ఎంత తగ్గించినా వద్దు. అది మంచి చేపే అయినా పట్టిన తర్వాత చెడగొట్టేశారని అర్థం.

ఎలా చెడుతుందో కూడా చెబుతాను, ఇది తెలిస్తే మిగతాదంతా నీకే అర్థమవుతుంది. సూర ఒకచోట నిలబడే చేప కాదు, బతికున్నంతకాలం ఈదుతూనే ఉండాలి, ఆగితే మొప్పల్లోంచి నీళ్ళు పారక ఊపిరాడదు. అంత పని చేసే ఒళ్ళు కాబట్టి కండ అంత ఎర్రగా ఉంటుంది, చుట్టూ ఉన్న నీళ్ళకంటే ఒళ్ళు వెచ్చగా కూడా ఉంటుంది. గాలానికి తగులుకుని ఎంతసేపు గింజుకుంటే అంత వేడెక్కుతుంది. పూడిమడక వైపు నుంచి గాలాలతో సూర వేటకి వెళతారు చూడు, అలాంటి పని తెలిసినవాళ్ళు చేప పడగానే చంపి, రక్తం కార్చి, ఐస్‌లో కూరేస్తారు. అలా చెయ్యకుండా పడవలో ఎండకి వదిలేస్తే రెండు నష్టాలు. ఒకటి రుచి, అది పోతే పోయింది. రెండోది నీ ఒంటికి.

ఈ ఎర్ర కండలో హిస్టిడిన్ అని ఒక పదార్థం ఎక్కువగా ఉంటుంది. చేప చల్లగా లేకపోతే బాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తుంది. ఒకసారి తయారయ్యాక ఇక నువ్వు ఉడకబెట్టు, నూనెలో వేయించు, ఫ్రీజర్లో పెట్టు, అది పోదు. కుళ్ళు వాసన వస్తుందని కూడా గ్యారంటీ లేదు, చూడ్డానికి చక్కగానే ఉండొచ్చు. తిన్న కాసేపటికే, కొందరికి నిమిషాల్లోనే, గంటలోపే, మొహం ఎర్రబడి మంటలు, తలనొప్పి, ఒళ్ళంతా దురద, దద్దుర్లు, గుండె దడ, కొందరికి వాంతులు, విరేచనాలు. మన వాళ్ళు చాలామంది "మాకు సూర పడదమ్మా" అంటారే, అందులో కొందరికి పడనిది సూర కాదు, ఐస్ లేని సూర. మామూలుగా కొన్ని గంటల్లో తగ్గిపోతుంది, డాక్టర్లు ఎలర్జీకి ఇచ్చే మందే దీనికీ ఇస్తారు. కానీ ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగి పడిపోయేలా ఉన్నా ఇంట్లో మాత్రలు వెతుక్కుంటూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలి. కానాగంతలు, కవళ్ళు లాంటి చేపల దగ్గర కూడా ఇదే జాగ్రత్త, అవీ ఈ లెక్కలోవే.

రెండు గుర్తులు చెబుతాను. నాలుక మీద పెట్టగానే మిరియం కొరికినట్టు చురుక్కుమంటే (నువ్వు వేసిన కారం కాదు, అది వేరేగా తెలుస్తుంది) ఆ ముక్క ఉమ్మేసి మిగతాది పారెయ్యి. వండాక ముక్క విరిచి చూస్తే లోపల కండ నిండుగా కాకుండా చిన్న చిన్న కన్నాలు కన్నాలుగా కనిపించినా అంతే. డబ్బులు పోయాయే అని ఆలోచించొద్దు. ఈ రెండూ కనిపించలేదు కాబట్టి బాగానే ఉంది అనుకోవడానికీ లేదు. కాబట్టి అసలు ఆ పరిస్థితి రాకుండా కొన్న దగ్గర్నుంచీ ఐస్‌లో ఉంచడం ఒక్కటే దారి.

హార్బర్ నుంచి మీ ఇంటికి హైవే మీద ట్రాఫిక్‌లో సులువుగా ముప్పావుగంట. క్యారీ బ్యాగులో చేప పెట్టి స్కూటీ హుక్‌కి తగిలించుకుని వెళ్ళే అలవాటు మానెయ్యి. ఒక థర్మాకోల్ డబ్బా కొను, పెద్ద ఖరీదు కాదు. చేప ఎంత బరువుంటే అంత బరువు ఐస్ వెయ్యాలని లెక్క, మన ఎండలకి ఇంకాస్త ఎక్కువైనా పర్లేదు. హార్బర్ దగ్గర పొడి కొట్టిన ఐస్ దొరుకుతుంది. కింద ఒక వరస, మీద చేప, మళ్ళీ పైన ఐస్. ముక్కలైతే కవర్లో మూతి కట్టి పెట్టు, కరిగిన నీళ్ళల్లో ముక్కలు నానితే రుచంతా నీళ్ళల్లోకి పోతుంది. దారిలో ఎంవీపీ కాలనీలో రైతుబజార్ పని చూసుకుని వెళదాం, టిఫిన్ చేసి వెళదాం అనే ప్లాన్లు చేపకి ముందు పెట్టుకో.

కోయించేటప్పుడు నోరు తెరిచి అడుగు. మన దగ్గర కత్తిపీట మీద గుండ్రంగా, నడిముల్లుతో సహా చక్రాల్లా కోసేస్తారు, వాళ్ళకి అదే అలవాటు. చిన్న సూరని పులుసుకైతే అలాగే కోయించుకో, ముల్లుతో ఉంటేనే పులుసుకి రుచి. వేపుడుకైతే నడిముల్లు వదిలేసి నాలుగు పొడుగు పట్టీలుగా తీయించుకుని, తోలు కూడా తీసెయ్యమని చెప్పు, సూర తోలు మందం, వేగినా నమలలేం. ఆ పట్టీల పక్కన, ముల్లు వైపు, దాదాపు నల్లగా ఉండే కండ ఒకటి ఉంటుంది. అందులో రక్తం ఎక్కువ, ఘాటు వాసన దాందే. దాన్ని వేరుగా తీసి ఇమ్మను, పారెయ్యమని మాత్రం చెప్పకు. అమ్మే వాళ్ళు చాలాసార్లు అడక్కుండానే పక్కకి నెట్టేస్తారు, పిల్లులకి వేస్తారు, నీ డబ్బులే కదా అవి. దాంతో ఏం చెయ్యాలో కింద చెబుతాను.

ఇంటికొచ్చాక సింకులో పంపు కింద అరగంట కడుగుతూ కూర్చోకు. చల్లటి నీళ్ళతో ఒకసారి, కల్లుప్పు, పసుపు రాసి ఇంకోసారి గబగబా కడిగేసి, శుభ్రమైన గుడ్డతో అద్దెయ్యి. నల్ల కండని మాత్రం ఉప్పు నీళ్ళల్లో వేసి పది నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి, ఆ నీళ్ళు పారబోసి పిండు. ఆ రోజు వండనిది ఉంటే ఫ్రిజ్‌లో బాగా చల్లగా ఉండే అరలో, అడుగున పెట్టు, మర్నాటికల్లా వండెయ్యి. అంతకంటే ఆలస్యం అవుతుందనుకుంటే తెచ్చిన రోజే, ఒక్కో పూటకి సరిపడా చిన్న చిన్న కవర్లలో గాలి లేకుండా కట్టి ఫ్రీజర్లో పడెయ్యి, రెండు నెలల్లోపు వాడుకో. కరిగించేటప్పుడు ముందు రోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చు. పొద్దున్నే తీసి గట్టు మీద పెట్టేసి ఆఫీసుకి పోయి సాయంత్రం వండడం అనేది నువ్వు చేస్తావని నాకు తెలుసు, అది చెయ్యకు.

ఇప్పుడు వేపుడు. ముక్క అంగుళం మందం ఉండాలి, పల్చగా కోస్తే పైన రంగు వచ్చేలోపే లోపల ఎండిపోతుంది. నువ్వు పెరుగూ నిమ్మకాయా వేసి రాత్రంతా నానబెట్టానన్నావు, అది చికెన్‌కి. సూరకి పులుపు ఎక్కువసేపు తగిలితే పైపొర తెల్లబడి సున్నంలా పొడిపొడి అవుతుంది. కారం, ఉప్పు, పసుపు, కొంచెం ధనియాల పొడి, అల్లంవెల్లుల్లి ముద్ద తక్కువగా, ఒక చెంచా నూనె, ఇవి పట్టించి ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచు, చాలు. పైన కరకరలాడాలంటే పెనం మీద వేసే ముందు ఒక చెంచా బియ్యప్పిండి చల్లు. నిమ్మకాయ ప్లేట్లో వేశాక పిండుకో.

నాన్‌స్టిక్ వద్దు, మీ అమ్మ ఇచ్చిన ఇనప దోసె పెనం ఉంది కదా, అది తియ్యి. నీళ్ళ చుక్క వేస్తే చుర్రుమని ఎగిరిపోయేంత కాలనిచ్చి, నూనె రాసి ముక్కలు పెట్టు. అన్నీ ఒకేసారి కుక్కకు, మూడు నాలుగు చాలు, ఎక్కువ పెడితే పెనం చల్లబడి నీళ్ళు ఊరతాయి. పెట్టాక కదపొద్దు, గరిటెతో పొడవొద్దు, మూత అసలే వద్దు. వంగి ముక్క పక్కవైపు చూడు. కింద నుంచి ఎర్రటి రంగు తెల్లబడుతూ, పెనం నుంచి పైకి గీత గీసినట్టు మెల్లగా ఎక్కుతూ ఉంటుంది. ఆ తెలుపు సగానికి దగ్గరగా రాగానే తిప్పెయ్యి. రెండో వైపు కూడా అలాగే కింద నుంచి ఎక్కుతుంది, మధ్యలో సన్నగా గులాబీ రంగు గీత మిగులుతుంది, అది పోయీ పోగానే దించెయ్యి. అంగుళం ముక్కకి ఒక్కో వైపు రెండున్నర మూడు నిమిషాలకి మించదు. నువ్వు గడియారం చూడకు, ఆ గీత చూడు, ఒక్కో స్టవ్వు ఒక్కోలా మండుతుంది. దించి ప్లేట్లో పెట్టాక ఒక రెండు నిమిషాలు ఆగి తిను, లోపలి వేడికే మిగతాది సర్దుకుంటుంది. మిగిలిన నూనెలో కరివేపాకు, నిలువుగా చీల్చిన పచ్చిమిర్చి వేయించి మీద జల్లుకుంటే ఇక వేరే ఏమీ అక్కర్లేదు.

వీడియోల్లో చూసి మధ్యలో పచ్చిగా ఎర్రగా వదిలేసి తినడం, సోయా సాస్‌లో ముంచుకుని అసలు పచ్చిదే తినడం ఇంట్లో పెట్టుకోకు. జపాన్ వాళ్ళు తింటారంటే, అలా తినడానికే చేపని పట్టిన క్షణం నుంచీ వేరేగా చూసుకుంటారు, గట్టిగా ఫ్రీజ్ చేస్తారు. మనం హార్బర్ గట్టు మీద, కత్తిపీట మీద కోయించుకున్న ముక్కకి ఆ మర్యాద జరగలేదు. లోపలి దాకా ఉడకాలి, కాకపోతే ఉడికిన క్షణంలో ఆపెయ్యాలి.

పులుసుకొస్తే, మన వంటకం కాబట్టి కొంచెం వివరంగా. అర కిలో చిన్న సూర ముక్కలకి నిమ్మకాయంత చింతపండు, పెద్ద ఉల్లిపాయలు రెండు, పచ్చిమిర్చి నాలుగైదు, పండిన టమాటా ఒకటి. రెండు చెంచాల ధనియాలు, ఒక చెంచా జీలకర్ర, పావు చెంచా మెంతులు దోరగా వేయించి, ఎనిమిది పది వెల్లుల్లి రెబ్బలతో కలిపి నూరుకో. మెంతులు ఎక్కువైతే చేదు, తక్కువైతే ఫర్వాలేదు. నువ్వుల నూనె ధారాళంగా పోసి ఉల్లిపాయలు బాగా మగ్గనిచ్చి, కరివేపాకు, పసుపు, కారం, నూరిన ముద్ద వేసి పచ్చివాసన పోయేదాకా వేయించి, టమాటా, తర్వాత చింతపండు పులుసు, ఉప్పు. ఇక్కడ ఆగాలి. కోనాం పులుసైతే మనం పులుసు సగం మరిగాకే ముక్కలు వేసి దానితో పాటే మరగనిస్తాం. సూరకి పులుసు ముందే పూర్తిగా అయిపోవాలి, పావుగంట ఇరవై నిమిషాలు మరిగి, చిక్కబడి, నూనె పైకి తేలి, రుచి చూస్తే ఇంక ఏమీ వెయ్యక్కర్లేదు అనిపించాలి. చిన్న బెల్లం ముక్క కూడా అప్పుడే. అప్పుడు మంట తగ్గించి ముక్కలు ఒక్కొక్కటిగా జారవిడిచి, గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని ఒకసారి అటూ ఇటూ తిప్పి, అయిదారు నిమిషాలు, అంతే. కొత్తిమీర వేసి స్టవ్ కట్టేసి మూత పెట్టు. ముక్కకి పులుసు పట్టదేమో అని నీకు అనుమానం వస్తుంది, పట్టేది మంట మీద కాదు, దించాక ఆ వేడిలో కూర్చున్నప్పుడు. అరగంట ఆగి వడ్డించుకో. ఎండాకాలంలో నిషేధం మొదలయ్యేలోపు మామిడికాయలు వచ్చేస్తాయి కదా, అప్పుడు చింతపండు సగానికి తగ్గించి పుల్ల మామిడికాయ ముక్కలు వేసి చూడు. సూర ఘాటుకి మామిడి పులుపు బాగా కుదురుతుంది, చింతపండు కంటే నాకు అదే ఇష్టం.

చేపల పులుసు మర్నాడే రుచి అని మీ అమ్మమ్మ కుండ గట్టు మీద వదిలేసేది, అది నిజమే, రుచి మర్నాడే. కానీ ఈ చేపతో ఆ అలవాటు వద్దు. తిన్నాక మిగిలింది చల్లారగానే, రెండు గంటలు దాటనివ్వకుండా ఫ్రిజ్‌లో పెట్టు, మర్నాడు కావలసినంతే తీసి వేడి చేసుకో. గిన్నె మొత్తం తీసి మళ్ళీ మళ్ళీ మరిగిస్తే ముక్కలు మళ్ళీ నీ ఫొటోలోలాగే తయారవుతాయి.

ఇక ఆ నల్ల కండ, తోక ముక్కలు, ముల్లుకి అంటుకుని మిగిలింది, వీటన్నిటికీ పిట్టు. మనం సొర చేపతో పిట్టు చేసుకుంటాం చూడు, అచ్చం అదే పద్ధతి. కాసిని నీళ్ళల్లో పసుపు, ఉప్పు, దంచిన అల్లం వేసి ముక్కలు ఉడికించి, చల్లారాక చేత్తో పొడిపొడిగా విదిపి, ముళ్ళు ఏరెయ్యి. ముళ్ళు ఏరడం ఫోన్ చూస్తూ చేసే పని కాదు. మూకుట్లో నూనె వేసి సన్నగా తరిగిన ఉల్లిపాయలు ఎక్కువగా, అంటే చేప ఎంతో ఉల్లిపాయా దాదాపు అంత, పచ్చిమిర్చి, వెల్లుల్లి, కరివేపాకు వేయించి ఈ పొడి వేసి, సన్న మంట మీద తడి పోయేదాకా తిప్పుతూ ఉండు. చివర మిరియాల పొడి, కాస్త గరం మసాలా, ఇష్టమైతే కొబ్బరి తురుము. వేపుడు ముక్క ఎండితే తప్పు గానీ పిట్టు ఎండితేనే అందం, అందుకని మొదటిసారి వండేవాడికి ఇదే సులువు, చెడగొట్టడం కష్టం. ముద్దపప్పులోకి, చారులోకి నంజుకో. నిన్న రాత్రి ఎండిపోయిన ఆ ముక్కలు ఫ్రిజ్‌లో ఇంకా ఉంటే, రాత్రే లోపల పెట్టి ఉంటే, వాటినీ ఇలాగే విదిపేసి చెయ్యి, పారెయ్యక్కర్లేదు. బయటే ఉండిపోయి ఉంటే మాత్రం ముట్టుకోవద్దు.

కోడలికి అయిదో నెల కదా, దాని గురించి వేరేగా రాస్తున్నాను. పెద్ద చేపలు చిన్న చేపల్ని తిని తిని, వాటిలోని పాదరసం అంతా తమ కండలో పోగేసుకుంటాయి, చేప ఎంత పెద్దదైతే, ఎంత ముసలిదైతే అంత ఎక్కువ. కడుపులో బిడ్డ మెదడుకి అది మంచిది కాదు. ఎల్లోఫిన్ అయితే వారానికి ఒక్కసారి, నూట పది గ్రాములు, అంటే ఒక ముక్కకి మించొద్దని అమెరికాలో ఆహారం, మందుల సంగతి చూసే ఎఫ్‌డీఏ వాళ్ళ లెక్క, ఆ వారం వేరే చేప కూడా వద్దంటారు. పెద్ద కళ్ళ టూనా, బిగ్‌ఐ అంటారు, అది అసలే వద్దు, సొర చేప కూడా వద్దు. అలాగని చేప మాన్పించకు, చేప ఆ అమ్మాయికి మంచిదే. నెత్తళ్ళు, కవళ్ళు, కానాగంతలు లాంటి చిన్నవి తాజాగా తెచ్చి పెట్టు, వాటిలో పాదరసం తక్కువ, మంచి కొవ్వు ఎక్కువ. డాక్టరమ్మని కూడా ఒక మాట అడగండి, నా మాట విని ఆవిడ మాట వదిలెయ్యకండి. నువ్వు కూడా ప్రొటీన్ ప్రొటీన్ అని రోజూ ఇదే తినకు, వారంలో ఒకటి రెండుసార్లు చాలు, మిగతా రోజులు గుడ్లున్నాయి, పప్పుంది.

మీ పక్క ఫ్లాట్ వాళ్ళకి వాసన పడదన్నావు కదా. వండినప్పుడు వచ్చేదానికంటే తర్వాత సింకులోంచి వచ్చే వాసనే ఎక్కువ. కడిగిన నీళ్ళు పారబోశాక వేడినీళ్ళు, కాస్త వెనిగర్ పొయ్యి, కత్తిపీటా పలకా సబ్బుతో తోమి నిమ్మచెక్కతో రుద్దు. తలకాయ, ముళ్ళు, తోలు కవర్లో గట్టిగా కట్టి ఫ్రీజర్లో ఒక మూల పెట్టేసి, పొద్దున్న జీవీఎంసీ చెత్తబండి వచ్చినప్పుడే తీసి వెయ్యి. రాత్రి గుమ్మం బయట పెట్టావంటే పిల్లులు మెట్ల మీదంతా పరిచేస్తాయి, అప్పుడు నిజంగానే పక్కవాళ్ళతో మాట పడతావు.

దొడ్డమ్మ